జైరా చేత్తో మూసిన గూన

ఖుతా పెరట్లో ద్రాక్షతీగ పందిరి మీద పాకదు. తునికి చెట్టును చుట్టుకుని నిలువునా పైకి పోతుంది. సమెగ్రెలో సీమలో పాతకాలపు పానేషి తీగలు అలా పెరిగినవే. ఇప్పుడా ఎర్రద్రాక్ష వెతికినా దొరకడం కష్టం. మంచు పడే ముందు ఒకరు కొమ్మల్లోకి ఎక్కి, గుత్తులు కోసి, మొనతేలిన బుట్టలో వేసి తాడుతో దించాలి. కింద ఇంకొకరు అందుకుని, బుట్ట ఖాళీ చేసి, తాడు కదిపి ‘ఊఁ’ అనాలి. ఖుతాకు ఆ రెండో మనిషి చెల్లెలు జైరా.

ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ఆయన చెట్టు దిగడు, ఆవిడ చెట్టు కింది నుంచి కదలదు, ఇంకెక్కడి సంబంధాలని ఊళ్లో వేళాకోళం చేసేవారు.

ఒక శీతాకాలం చివర జైరా జ్వరంతో పోయింది. ఆ ఏటి వైన్ అప్పటికే నేలలో పాతిన గూనలో ఉంది. మూత చుట్టూ మట్టి మెత్తింది ఆవిడే. ఆ తర్వాత ఖుతా చెట్టెక్కలేదు. పండిన గుత్తులు ఏటేటా పిట్టల పాలయ్యాయి. పక్కింటి జోతో గేటు దగ్గరికొచ్చి పిలిస్తే లోపల కూర్చుని పలకలేదు. కొన్నాళ్లకు జోతో పిలవడం మానేశాడు.

గూన జోలికీ పోలేదు. ఒకసారి మూత లేస్తే లోపలికి గాలి దిగుతుంది. వెంటనే పదిమందీ కూర్చుని తాగెయ్యాలి, లేదంటే పులిసిపోతుంది. పైగా ఆ నేల మీద ఒంటరిగా గ్లాసెత్తరు. ఎత్తితే ఒకరి పేరు చెప్పాలి. ఆ పేరు వినడానికి ఎదురుగా మనిషుండాలి.

కొన్నేళ్లు గడిచాక, ఆకు రాలే కాలంలో, రాజధాని తిబిలిసిలోని ల్యాబ్ నుంచి ఇర్మా అనే అమ్మాయి పానేషిని వెతుక్కుంటూ వచ్చింది. తొక్కలోనూ గింజల్లోనూ ఫినాల్స్ అనేవి ఉంటాయని, రంగూ వగరూ వాటివల్లేనని, వైన్ తొందరగా చెడకుండా కాసేదీ అవేనని చెప్పింది. పానేషిలో ఎంతున్నాయో చూడాలట. ఎలా కోస్తారని అడిగింది. “నేను పైనుంటాను, మా చెల్లెలు కింద అందుకుంటుంది” అన్నాడు ఖుతా. నోరు ఇంకా అలాగే తిరుగుతోంది.

చెట్టు మీద పిట్టలు పీల్చేసిన తొక్కలు తప్ప ఏమీ లేవు.

“పోనీ, ఈ తీగ వైన్ ఏమైనా ఉందా బాబాయ్? తొక్కలోవి అందులోకి దిగే ఉంటాయి.”

ఇంటికొచ్చిన మనిషి నోరు తెరిచి అడిగింది. ఖుతా మూసిన గూన వైపు చూశాడు. “రేపు మధ్యాహ్నం రా తల్లీ” అన్నాడు.

మర్నాడు మొక్కజొన్న సంకటి వండాడు. పొగపట్టిన జున్ను కోశాడు. బల్ల మీద రెండు గ్లాసులు పెట్టాడు. ఉలి తీసుకుని గూన మూతి మీది మట్టి పగలగొడుతుంటే, జైరా వేళ్ల అచ్చులున్న పెళ్ల రెండు ముక్కలైంది. ఆ ముక్కలు తీసి పక్కన పెట్టాడు. లోపల వైన్ నేరేడుపండు రంగులో నిశ్చలంగా ఉంది. రుచి చూస్తే, ఒకప్పుడు నాలుకను పట్టేసిన వగరు నెమ్మదించింది.

ఇర్మా వచ్చి రెండు చిన్న సీసాలు నింపుకుని మంచుపెట్టెలో సర్దుకుంది. ఖుతా గ్లాసు నింపి ముందుకు జరిపాడు.

“నేను కారు నడపాలి బాబాయ్. సాయంత్రానికి ఇవి ల్యాబ్‌లో ఉండాలి.” రెండో గ్లాసు వైపు చూసి నవ్వింది. “మీ చెల్లెలుగారు వచ్చే వేళకి అడ్డొచ్చినట్టున్నాను. నేనడిగానని చెప్పండి.”

“అలాగే తల్లీ” అన్నాడు ఖుతా. దారిలో తినమని జున్ను మూట కట్టిచ్చాడు.

కారు మలుపు తిరిగాక ఆయనా, మూత లేని గూనా మిగిలారు. సంకటి గట్టిపడింది. చివరికి కూజా నింపుకుని వెళ్లి జోతో గేటు ముందు నిలబడి పిలిచాడు.

జోతో తీరిగ్గా బయటికొచ్చాడు. “నువ్వా? నీ గేటు దగ్గర గొంతు పోయేలా అరిచాను. లోపల ఎవరో దగ్గారు కూడా.”

“నేనే దగ్గాను.”

“తెలుసులే.”

“గూన తెరిచాను.”

జోతో వేళాకోళం ఆగిపోయింది. “జైరాదా?” అన్నాడు. ఖుతా తలూపాడు. జోతో లోపలికెళ్లి టోపీ పెట్టుకుని వచ్చాడు.

బల్ల దగ్గర కూర్చున్నాక జోతో గ్లాసెత్తి ఆవిడ పేరు చెప్పాడు. ఇన్నాళ్లకు ఆ పేరు ఇంకొకరి నోట విన్నాడు ఖుతా. తన గ్లాసూ ఎత్తాడు.

మర్నాడూ వచ్చాడు జోతో, ఆ మర్నాడూ వచ్చాడు. చచ్చిపోయిన వాళ్లందరి పేర్లూ అయిపోయాయి. బతికున్న వాళ్లవి మొదలయ్యాయి. ఇద్దరు ముసలాళ్లు ఎంత తాగితే అంత గూన తరుగుతుంది? వగరు కొన్నాళ్లు గాలిని ఆపింది. తర్వాత ఒక పొద్దున ఖుతా రుచి చూస్తే పులుపు తగిలింది. మర్నాటికి వాసన కూడా మారింది. పారబోద్దామని కూజా ఎత్తాడు. వైన్ లేకపోతే జోతో ఏమని వస్తాడు?

సాయంత్రం ఏమీ చెప్పకుండా గ్లాసు నింపి పెట్టాడు. జోతో ఎవరిదో పేరు చెప్పి, ఒక్క గుక్కలో తాగేసి, మీసం తుడుచుకున్నాడు.

“ఎలా ఉంది?” అని అడిగాడు ఖుతా, అటు చూడకుండా.

జోతో గ్లాసు ముందుకు జరిపాడు. “ఇంకా ఉందా?”