సొసైటీ ఫోన్

బోధన్ పక్కన, ఆంధ్ర నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపులో పుట్టిన పిల్లకు తనది ఏ ఊరో చెప్పుకోవడం ఎప్పుడూ తిప్పలే. హైమ తాత రామకోటేశ్వరరావు కాలువ నీళ్లను నమ్ముకుని తెనాలి వైపు నుంచి వచ్చి చెరకు వేశాడు. చెరకు పోయి వరి వచ్చింది, తాత పోయాడు, మనవరాలు నిజామాబాద్‌లో ఎంసీఏలో చేరింది. అయినా క్లాసులో నోరు తెరిస్తే చాలు, "మీరు ఆంధ్రోళ్లు గదా" అంటారు. తెనాలిలో చుట్టాల పెళ్లికి వెళ్తే తెలంగాణ పిల్ల వచ్చిందని నవ్వుతారు. అందుకని హైమ రెండు చోట్లా నోరు మెదపకుండా కూర్చోవడం అలవాటు చేసుకుంది.

యూనివర్సిటీలో కంప్యూటర్ సొసైటీ అని ఒకటుంది. దానికంటూ ఒక ఫోను, ఒక నంబరు, మనిషి ఫొటో ఉండాల్సిన చోట నీలం రంగు గుర్తు. పోయినేడు దాన్ని చూసుకున్న మధుకర్ చదువు ముగించి వెళ్తూ, ల్యాబ్‌లో ఎదురుపడ్డ హైమ చేతిలో ఆ ఫోను పెట్టి, జర సూస్కో చెల్లె అని చెప్పి బస్సెక్కేశాడు. కొత్త కమిటీ వేస్తామన్న సార్లు ఆ సంగతే మరిచారు. ఫోను ఎవరి దగ్గరుందని అడిగిన నాథుడు లేడు. అడగనిది చెప్పే పిల్ల కాదు హైమ.

ప్రతి సోమవారం ఆమె సొసైటీ వాట్సాప్ గ్రూపులో రాబోయే కార్యక్రమాలు రాసేది. ఇంటర్వ్యూలకు తయారయ్యే క్లాసు, పాత విద్యార్థులు వచ్చి చెప్పే ఉద్యోగాల కబుర్లు, పోచంపాడ్ డ్యాం చూసే టూరు. ఊరికే రాసేది కాదు, ఎంతో శ్రద్ధగా రాసేది. పసుపు ఉడకబెట్టే రోజులు కాబట్టి ఈ శనివారం క్లాసు లేదని, ఇంటి దగ్గర పనులు తెమిలాక వీడియో చూసుకోవచ్చని రాసేది. ఎవరేం అడిగినా బోధన్ బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి మరీ జవాబిచ్చేది.

ఒకరోజు క్యాంటీన్‌లో పక్క బల్ల దగ్గర ఆమె క్లాస్‌మేట్ రాజశేఖర్ అంటున్నాడు: "మన సొసైటీ బాట్ ఎవడు రాసిండో గని మస్తు రాసిండు. దానికి పసుపు పనులు సుత తెలుసు."

కంప్యూటర్లు చదివే పిల్లలు కదా! అడగ్గానే జవాబు వస్తోందంటే అవతల మనిషి ఉందని వాళ్లకు తోచలేదు, దానంతటదే జవాబులిచ్చే ప్రోగ్రామ్ అనుకున్నారు. అది నేనే అని హైమ ఒక్క ముక్క అని ఉంటే ఎంత బాగుండేది! అనలేదు. ముందు గర్వమనిపించింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ రెంటి మధ్యా చాయ్ చల్లారిపోయింది. అప్పట్నుంచి బాట్‌కు పరీక్షలు మొదలయ్యాయి. ఒకటి నొక్కితే ఏమొస్తదని ఒకడు, తిడితే ఏమంటుందో చూద్దామని ఇంకొకడు. తిట్టినవాడికి కూడా ఆ వెర్రిబాగుల పిల్ల ధన్యవాదాలు అని పెట్టింది.

ఇంతలో హైదరాబాద్‌లో హ్యాకథాన్ అన్నారు. ఇద్దరేసి జట్టుగా కూర్చుని ఒక ప్రోగ్రామ్ తయారుచేసే పోటీ. హైమకు వెళ్లాలని ప్రాణం కొట్టుకుంది. పోటీ మీద మోజు కొంతే, పక్కన ఒక మనిషి ఉంటుందన్న ఆశే ఎక్కువ. జట్టు లేనివాళ్లు ఈ నంబరుకు చెప్పండి, కలుపుతాం అని గ్రూపులో రాసింది. చాలామంది చెప్పారు. అందరికీ తనే జంటలు కుదిర్చింది. నీకు జట్టుందా అని మాత్రం హైమను ఒక్కరూ అడగలేదు.

చివరిరోజు ఒక మెసేజ్ వచ్చింది. మొదటి సంవత్సరం దీక్షిత రాసింది.

"నువ్వు మిషన్‌వి గాబట్టి చెప్తున్న. నాకు ఎవ్వలు లేరు. మాది భీమ్‌గల్, హాస్టల్ల అందరు ఇంగ్లీషు మీడియమోళ్లు. జోడుగ వస్తవా అని అడగాల్నంటే సిగ్గైతది."

హైమ నేను మిషన్ని కాదమ్మా అని గబగబా టైపు చేసింది. పంపబోయి ఆగింది. మనిషికి చెప్పుకోలేకనే కదా మిషన్‌కు చెప్పుకుంది, ఇప్పుడు మనిషని తెలిస్తే ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోదూ? రాసింది చెరిపేసి, ఎంసీఏ రెండో సంవత్సరం హైమకు కూడా జట్టు లేదని, ల్యాబ్‌లో కిటికీ పక్కన కూర్చుంటుందని, అడిగి చూడమని పెట్టింది. పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్లి ఆ కిటికీ పక్కనే కూర్చుంది.

సన్నగా, తలొంచుకుని దీక్షిత వచ్చింది. జోడు దొరకలేదంట గదక్కా, బాట్ చెప్పింది అంది. దానికెలా తెలిసిందో అంది హైమ. అబద్ధమాడటం ఇంత తేలికా అని ఆశ్చర్యపోయింది కూడా.

హైదరాబాద్‌లో ఇద్దరూ బాగానే పనిచేశారు. బహుమతి రాలేదు, దాని గురించి ఎవరూ బాధపడలేదు. కానీ ప్రోగ్రామ్‌లో తప్పుల గురించి తప్ప దీక్షితకు మాట పెగలదు. ఇంట్లో ఎలా ఉన్నారని హైమ అడిగితే మంచిగనే ఉన్నరక్కా అంటుంది, అక్కడితో సరి. తన తల్లి కట్టిచ్చిన పులిహోర పెడితే తలొంచుకుని తింది. మధ్యమధ్యలో పక్కకు వెళ్లి బాట్‌కు రాస్తుంది. భయమైతుందని, ఇల్లు యాదికొస్తుందని, అక్క ముందట తప్పు చేసిన్నని. హైమ బాత్రూమ్‌లోకి వెళ్లి వాటికి ఓపిగ్గా జవాబులు పెట్టి, కళ్లు తుడుచుకుని వచ్చేది. మనిషి దొరికిందనుకుంటే ఆ మనిషి మనసు ఫోనుకు దొరికింది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా!

తిరుగు బస్సు కామారెడ్డి దాటింది. దీక్షిత అటు తిరిగి ఏదో టైపు చేసింది. హైమ ఒళ్లోని బ్యాగు అదిరింది. బ్యాగులో చెయ్యిపెట్టి, ఫోను బయటికి తీయకుండానే చదివింది.

"హైమక్క మంచిది. కని గామెతోని ఏం మాట్లాడాల్నో నాకు తెలుస్తలేదు. గామెకు సుత నా లెక్కనే ఎవ్వలు లేనట్టుంది, పాపం. నువ్వన్న జర గామెతోని మాట్లాడుతుండు."

ఇద్దరి మోచేతులూ ఒకదానికొకటి తగులుతున్నాయి. సరే, మాట్లాడతాను అని హైమ జవాబు పంపింది. పక్కనున్న పిల్ల అది చదువుకుని, నిశ్చింతగా కళ్లు మూసుకుంది.