బల్లెం పట్టుకున్న యోహాను

సిమెంటు తడిసిన వాసన తగిలితే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మా బట్టల కొట్టు పక్కన ఎవరో మేడ కడుతున్నారు. పొద్దున్నే గోడలు తడుపుతుంటే ఆ వాసన గల్లాపెట్టె దాకా వస్తుంది, వెంటనే యోహాను గుర్తొస్తాడు. మీరు అతన్ని సినిమాల్లో చూసే ఉంటారు, కథానాయిక తండ్రిగానో, నోరులేని కానిస్టేబులుగానో. నేనెరిగిన యోహాను ముక్త్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసేవాడు. డ్యూటీ దిగి, పంపు కింద తల తడుపుకుని, ఏదో ఒక లారీ పట్టుకుని జగ్గయ్యపేటలో మా రిహార్సల్స్‌కు వచ్చేవాడు. ఎంత కడుక్కున్నా ఆ జుట్టులో సిమెంటు వాసన పోయేది కాదు.

తొంభైల మొదట్లో మా పద్యనాటక సమాజంలో రాజు వేషం నాది. గొప్పకు చెప్పడం లేదు గాని, ఈ చుట్టుపక్కల నా అంత గొంతున్నవాడు లేడు. రాగం ఎత్తుకుంటే ఎక్కడ ఊపిరి తీశానో హార్మోనియం వాయించే ఐజాక్ మాస్టారికి కూడా అంతుపట్టేది కాదు. పద్యం అవగానే జనం 'వన్స్ మోర్' అని కేకలేసేవారు, నేను మళ్ళీ పాడేవాణ్ణి. ఆ కేకల కోసమే బతికాను. యోహానును మా దగ్గరికి తెచ్చింది మాస్టారే. ఆయన ఆదివారాలు చర్చిలోనూ వాయించేవారు. అక్కడ క్రిస్మస్ నాటకాల్లో గొర్రెలకాపరి వేషం వేసే మనిషని చెప్పి వెంటబెట్టుకొచ్చారు.

"గొంతు లేదు బాబూ, ఒక్క పద్యం కూడా పాడలేడు. నీ వెనకాల బల్లెం పట్టుకుని నిలబడటానికి పనికొస్తాడు," అన్నారు.

గొంతు లేదనగానే నాకు నచ్చాడు.

రాజు పాడుతున్నంతసేపు మిగతా వేషగాళ్ళకు పనుండదు. ఒకడు ఊడిపోతున్న మీసం నొక్కుకుంటాడు, ఇంకొకడు తెర పక్కకు తిరిగి సోడా తాగుతాడు. మా స్టేజీ మీద అది మామూలే, ఎవరూ తప్పు పట్టరు. యోహాను మాత్రం వినేవాడు. ఆ సంగతి చాలాకాలం నాకు తెలియదు. నేను జనం వైపు తిరిగి పాడేవాణ్ణి, అతను నా వెనక ఉండేవాడు. అతను వచ్చాక వన్స్ మోర్లు పెరిగాయని మాత్రం తెలుసు. నా గొంతు పండిందనుకుని మురిసిపోయాను. ఒకసారి నాటకం అయ్యాక మొహం రంగు తుడుచుకుంటూ ఆ మాటే మాస్టారితో అన్నాను. ఆయన హార్మోనియం సర్దుకుంటూ నవ్వారు.

"బాబూ, నువ్వు జనాన్ని చూస్తావు. నేను కింద కూర్చుని అందర్నీ చూస్తా. వాళ్ళు నిన్ను చూట్టం లేదు."

"మరి?"

"నీ వెనకాల వాణ్ణి. నువ్వు ఏడుపు పద్యం ఎత్తుకుంటే నీ కళ్ళల్లో నీళ్ళు రావు, వాడికొస్తాయి. జనం వాడి మొహం చూసి ఏడుస్తున్నారు."

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. పాడుతూ పాడుతూ పక్కకు జరిగి అతనికి అడ్డంగా నిలబడేవాణ్ణి. నాకు చోటు చాలడం లేదేమోనని ఆ అమాయకుడు ఇంకాస్త పక్కకు జరిగేవాడు, జనానికి ఇంకా బాగా కనిపించేవాడు.

ఇంతలో నందిగామలో నాటక పోటీలు వచ్చాయి. హైదరాబాదు నుంచి ఒక సీరియల్ దర్శకుడు వస్తున్నాడని, నా గురించి విన్నాడని తెలిసింది. అప్పటికే నాన్న కొట్టు నాకు అప్పగించాలని తొందరపడుతున్నారు. ఈ అవకాశం చేజారితే ఇక జన్మంతా జాకెట్ గుడ్డలు కొలుచుకోవడమేనని నాకు తెలుసు. ప్రాణం పెట్టి పాడాను. నాటకం అయ్యాక దర్శకుడు తెర వెనక్కి వచ్చి నాకు నమస్కారం పెట్టాడు.

"చాలా బాగా పాడారండీ. మీ వెనక బల్లెం పట్టుకున్నాయన ఎవరు?"

నేనే పిలిచాను, పిలవక తప్పలేదు. యోహాను అప్పటికే తెరలు చుట్టి లారీలోకి ఎక్కిస్తున్నాడు.

యోహానుకు ముందు సీరియళ్ళు వచ్చాయి, ఆ తర్వాత సినిమాలు. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు చీరలు తిరగేస్తూ, "మీరు ఆయనతో నాటకాలేసేవారంటగా?" అని అడిగేవారు. ఆయనతో నేనట! ఒళ్ళు మండేది. అతని సినిమా వస్తే తప్పు పట్టుకుందామని మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూశాను. హీరో డైలాగు చెబుతుంటే ఊరికే వింటూ నిలబడతాడు, హాలంతా అతన్నే చూస్తుంది. తప్పు ఎక్కడా దొరకలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక జగ్గయ్యపేటలో ఎవరిదో సెల్‌ఫోన్ల షాపుకు రిబ్బను కత్తిరించడానికి వచ్చాడు. అది అవగానే సరాసరి మా కొట్టుకొచ్చాడు. జనం ఎగబడుతుంటే షట్టరు దించేశాం. నువ్వు అనాలో మీరు అనాలో తేలక నేను తడబడ్డాను. అతను పాత యోహానులాగే బల్ల అంచున కూర్చున్నాడు.

"ఒక్క పద్యం పాడతారా అండీ?"

"గొంతు పోయింది యోహానూ. గుడ్డలు చింపేవాడికి గొంతెందుకు?"

"ఉన్నకాడికే పాడండి."

పాడాను. ఎదురుగా జనం లేరు కాబట్టి జీవితంలో మొదటిసారి అతని మొహం చూస్తూ పాడాను. నేను రాగం పైకి తీయబోయే ముందే ఆ కళ్ళు పైకి లేచాయి. ఊపిరి చాలక నేను మధ్యలో తెంపేసిన చోట కూడా ఆ మొహంలో రాగం సాగుతూనే ఉంది. పద్యం అయ్యేసరికి అతని చెంపలు తడిసిపోయాయి.

"ఇది నటనా?" అని అడిగేశాను.

"మీ పద్యానికి నేనెప్పుడూ నటించలేదండి. షూటింగులో అవతలివాళ్ళు ఏం మాట్లాడుతున్నా, లోపల మీ పద్యమే వింటా. మొహం దానంతటదే వస్తది."

ఆ మాటకు నేను పొంగిపోవాలి. పొంగలేదు సరికదా, అసూయ ఇంకా పెరిగింది. ఇప్పుడు ఎవరు మాట్లాడినా, బేరమాడే ముసలమ్మయినా సరే, మాట పూర్తయ్యేదాకా తల తిప్పను. అది యోహాను దగ్గరే నేర్చుకున్నాను, ఆలస్యంగా. పాడిన రోజుల్లో మాత్రం నా చెవులు ఎప్పుడూ కేకల మీదే ఉండేవి. నా పద్యం ఎంత బాగుండేదో అతనికి తెలుసు. నాకు తెలియదు.