తింటూ ఎన్నిసార్లు లేచారు?

2023 వానాకాలం. జగిత్యాలలో బస్టాండుకు కొంచెం ఎడంగా ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను డైటీషియన్‌ని. ఏ రోగి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా చేస్తున్నా, మా బంధువుల్లో సగం మందికి నేను ఆసుపత్రిలో వంటలు చేయిస్తాననే నమ్మకం. వార్డులో పప్పుచారు చల్లగా వచ్చిందని కూడా నాకే చెప్తారు. సోమ, గురువారాలు కోరుట్లలో ఇంకో క్లినిక్‌లో కూర్చుంటాను. మిగతా సమయమంతా ఎవరితోనో ఒకరితో వాదిస్తూ ఉంటాను. ఈ మాట మా ఆయనది. దాని మీద కూడా వాదన అయింది.

ఆ ఆగస్టులో సిరిసిల్ల నుంచి ఒక జంటను సర్జన్ గారు నా గదికి పంపారు. ఆమెను భాగ్య అంటాను, ఆయన్ని ఆంజనేయులు అంటాను. అసలు పేర్లు వేరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో వాళ్లకు ఎనిమిది సాంచాలు ఉన్నాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఇద్దరు పనివాళ్లు వాటిని నడుపుతారు. భాగ్య కండెలు చుడుతుంది, అంటే మగ్గంలోకి వెళ్లే చిన్న కడ్డీలకు నూలు చుట్టి అందిస్తుంది. వయసు నలభై మూడు. గర్భసంచిలో గడ్డ. నెలకు పదిహేను రోజులు రక్తం పోయి పోయి హిమోగ్లోబిన్ ఏడున్నర దగ్గరికి పడిపోయింది. పది దాటితే గానీ ఆపరేషన్ చేయనని సర్జన్ తేల్చేశారు. ఐరన్ ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచాయట, ఆపేశారు. రక్తం ఆగడానికి ఇచ్చిన మందులేమో ఎక్కువ నెలలు మింగేవి కావు. ఇక మిగిలినవి ఐరన్ మాత్రలు, తిండి. ఆ మందులు ఆపే లోపల రక్తం పట్టాలి. పట్టకపోతే మళ్లీ మొదటికే వస్తుంది, ఈసారి ఇంకా తక్కువ రక్తంతో.

వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి చికిత్స మొదలై నెల అయింది. కొత్త రిపోర్టులో 8.3 ఉంది.

మా వృత్తిలో మొదటి పని డైట్ రీకాల్. నిన్న నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రోగి చేతనే చెప్పించి రాసుకోవడం. టైము, వంటకం, కొలత, ఇవి మూడు గడులు. జనం ఇందులో అబద్ధాలు చెప్తారు. షుగర్ ఉన్నవాళ్లు మిఠాయి మరిచిపోతారు, బక్కగా ఉన్నవాళ్లు తినని అన్నం కలుపుతారు. ఆ అబద్ధాన్ని పట్టుకోవడమే నా నైపుణ్యమని గర్వపడేదాన్ని.

"నిన్న పగటీలి ఏం తిన్నవమ్మా?" అని భాగ్యను అడిగాను.

"రెస్టారెంటుల తిన్నం మేడమ్," అని ఆంజనేయులు అందుకున్నాడు. "లివర్ ఫ్రై, పాలక్ పనీర్, బటర్ నాన్. డాక్టర్ సాబ్ మంచి తిండి పెట్టుమన్నడు గదా. వారానికి మూడుసార్లు తీస్కపోతున్న. ఏసీది. కరీంనగర్ రోడ్డుకు కొత్తగ అయింది."

ఖరీదైన రెస్టారెంట్లంటే నాకు మొదటినుంచీ పడదు. రెండు కట్టల పాలకూరను ఉడకబెట్టి, మెత్తగా చేసి, మీద ఇంత క్రీమ్ గీసి రాగి గిన్నెలో తెచ్చి పెడతారు. దానికి మనం చేతులు కట్టుకొని ఎదురుచూడాలి. ఇంట్లో తోటకూర పప్పు, గుడ్డు, పల్లీలు, బెల్లం, మీద నిమ్మకాయ పిండుకుంటే అంతకంటే ఎక్కువ ఇనుము ఒంటికి పడుతుంది. ఇది నా అభిప్రాయం కాదు, నేను చదువుకున్న చదువు. ఆ చదువంతా ఆంజనేయులు మీద కుమ్మరించాను.

"నీకు సాంచాలు ఎక్కువైనయా, పైసలు ఎక్కువైనయా? ఆ బటర్ నాన్‌ల ఏమున్నది? మైదా. ఆ ఒక్క పూట బిల్లుకు నెల దినాల గుడ్లు వస్తయ్."

"మంచిగ తింటున్నది మేడమ్ ఆడ," అన్నాడు మెల్లగా.

"ఇంట్ల గూడ మంచిగ తింటది. నోరు మూసుకొని గుడ్లు తెచ్చియ్యి."

భాగ్య తల ఎత్తి ఒకసారి నా వైపు చూసింది. ఏదో అనబోయినట్టే ఉంది. నేను అప్పటికే చార్ట్ రాస్తున్నాను. పొద్దున పల్లీలు, బెల్లం. మధ్యాహ్నం ఆకుకూర పప్పు, రెండు గుడ్లు, నిమ్మకాయ. తిన్నాక మాత్ర. మాత్రకు ముందూ వెనకా గంట సేపు చాయ్ వద్దు, ఎందుకంటే చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. 8.3 ఎలా వచ్చిందనే ప్రశ్న ఆ రోజు నాకు నేను వేసుకోలేదు. మాత్రల వల్లే అనుకున్నాను.

నెల తర్వాత రిపోర్టు 7.9.

సర్జన్ నన్ను పిలిచి కాగితం చూపించారు. "మీరు రాకముందే బాగుందండీ," అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు నాకు వారం రోజులు పట్టింది అరగడానికి.

భాగ్యను గదిలో కూర్చోబెట్టి గట్టిగానే అడిగాను. "గుడ్లు తిన్నవా?"

"తిన్న మేడమ్."

"ఆకుకూర?"

"దినాం వండుతున్న."

"మరి రక్తం ఏడికి పోయింది? నేను తాగిన్నా?"

కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు. అబద్ధమాడుతోందని ఫైల్లో రాశాను. 'సహకారం లేదు' అని మాకొక మాట ఉంటుంది, మాట వినని రోగి గురించి రాసుకునేది. రాసి, ఫైలు మూసి, మర్నాడు కోరుట్ల బస్సు ఎక్కాను. ఆ గురువారమంతా ఏ పనీ ఒంటబట్టలేదు. షుగర్ పేషెంటుకు చెప్పాల్సింది గర్భిణికి చెప్పి మళ్లీ వెనక్కి పిలిచాను. "మంచిగ తింటున్నది ఆడ" అన్న ఆంజనేయులు మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఆడ అంటే అక్కడ. ఇక్కడ కాదని కదా అర్థం.

ఆదివారం నాడు ఇంట్లో ఉండలేక వేములవాడ బస్సు ఎక్కి, అక్కడ మారి సిరిసిల్లలో దిగాను. రోగుల ఇళ్లకు వెళ్లడం మా పద్ధతి కాదు. ఫోన్ కూడా చేయలేదు. చేస్తే వంట మారుతుంది.

ఒంటిగంటకు ఇల్లు దొరికింది. షెడ్డులో సాంచాల మోత. అలవాటు లేనివాళ్లకు మాట వినిపించదు. భాగ్య నన్ను చూసి నిలువునా కంగారు పడింది. అత్త నర్సవ్వ మాత్రం మంచం మీద నుంచి లేవకుండానే, "డాక్టరమ్మనా? ఇంటిదాంక అచ్చిందంటే పైసలేమన్న బాకీ ఉన్నమా?" అంది.

"లేదవ్వా. తిండి చూద్దామని అచ్చిన."

"చూడు, చూడు. మా కోడలు దినాం గుడ్లు ఉడకబెడ్తది. నా పండ్లు లేని నోటికి గూడ గుడ్డే మంచిగుంటది."

అబద్ధం లేదు. తోటకూర పప్పు ఉంది. గిన్నెలో ఆరు గుడ్లు ఉన్నాయి. భాగ్య అత్తకు ఒకటి పెట్టింది. ఇంటర్ చదివే బిడ్డకు పరీక్షలని రెండు పెట్టింది. ఆంజనేయులు వచ్చి తిని పోయాడు, అతనికి ఒకటి. ఇక తను కూర్చుంది. పళ్లెంలో రెండు గుడ్లు, పప్పు, నిమ్మ చెక్క, అచ్చం నా చార్ట్ లాగే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అంతలో లేచింది.

"ఏమైంది?"

"మూడో సాంచ ఆగింది మేడమ్."

నాకు మోత తప్ప ఏమీ వినబడలేదు. ఎనిమిదిలో ఒకటి ఆగితే ఏడింటి మోత ఉంటుంది కదా. ఆమెకు ఆ ఒక్కటి తగ్గడం వినిపించింది. చేయి కడుక్కుని, కండెలు పట్టుకుని షెడ్డులోకి పోయింది. వచ్చి కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక మళ్లీ ఒకటి ఆగింది. మళ్లీ చేయి కడుక్కుంది. మూడోసారి పనివాళ్లు చాయ్ అడిగారు. ఆ చాయ్ కాచి, వాళ్లకు పోసి, గిన్నెలో అడుగున మిగిలింది తను తాగింది. పళ్లెంలో అన్నం గట్టిపడింది. రెండు గుడ్లూ అలాగే తీసి మూత పెట్టింది.

"రాత్రికి బిడ్డ తింటది," అంది. "ఏగిరపడి తింటే కడుపుల మంట లేస్తది మేడమ్. మాత్ర ఏసుకుంటే ఇంకింత. అందుకే ఒక్కోనాడు ఏసుకోను."

"నా ముందర తిన్న అన్నవ్ కదా."

"తిన్న అనే అనుకున్న. వండుడు, పెట్టుడు, ఎత్తుడు అయినంక తిన్నట్టే ఉంటది."

నా రీకాల్ కాగితంలో ఆమె చెప్పినవన్నీ ఉన్నాయి. టైము, వంటకం, కొలత. కూర్చున్నదా అనే గడి మాత్రం లేదు.

"మరి ఆ రెస్టారెంటుల?" అన్నాను.

ఆమె మొదటిసారి నవ్వింది. "ఆడికి సాంచాల సప్పుడు రాదు మేడమ్. లేద్దామంటే ఏడికి లేస్త? ఇంకేమంటే, గన్ని పైసలు పోసినంక ఇడిసిపెడ్తే మనసు ఒప్పుతదా? అయిపోయే దాంక కూసుంట. తెల్ల అంగి పిలగాడు అచ్చి, ఇంకింత ఏద్దునా అమ్మా అంటడు. పెండ్లి అయిన కాడి నుంచి నన్ను గా మాట ఎవరు అడగలే."

మంచం మీద నర్సవ్వ గొణిగింది. "నన్నెవరు అడిగిన్రు?"

అయినా నేను అంత తేలిగ్గా ఓడిపోయే మనిషిని కాదు. కూర్చుని తినడమే ముఖ్యమైతే ఏసీ ఎందుకు? కూరగాయల మార్కెట్ దగ్గర ఒకామె నడిపే మెస్ ఉంది. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు. రోజూ మధ్యాహ్నం భాగ్య అక్కడికి వెళ్లి తిని రావాలని ఆ రోజే ఏర్పాటు చేశాను. సాదా భోజనమే గెలవాలని నా పట్టుదల. వారం తర్వాత ఫోన్ చేస్తే ఆంజనేయులు ఎత్తాడు.

"పోతున్నది మేడమ్. కానీ పార్సల్ కట్టించుకొని అస్తున్నది."

"ఏంది?"

"మెస్సామె ఎరికున్నామె. సగం తిని, గుడ్లు కవర్ల ఏసియ్యక్కా, బిడ్డకు అంటున్నదట. ఆమె ఇంకో రెండు ఏసి ఇస్తున్నది. మా ఇంట్ల ఇప్పుడు గుడ్లకు కొదువ లేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"రెస్టారెంటుల పార్సల్ అడగలేదా?" అన్నాను.

"ఆడ అడగనీకి సిగ్గు పడ్డది."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి చార్ట్ నేను మళ్లీ రాయలేదు. వారానికి మూడు మధ్యాహ్నాలు, కరీంనగర్ రోడ్డు రెస్టారెంటు. లివర్ ఫ్రై, పాలక్, రోటీ. నాన్ వద్దు. నిమ్మకాయ నీళ్లు. తినడం అయ్యాక అక్కడే మాత్ర. చాయ్ లేదు. సర్జన్ చదివి, "ఇది ఇన్సూరెన్సుకు పెట్టాలా?" అన్నారు. పెట్టి చూడండన్నాను.

నిజం చెప్పాలి. వారానికి మూడు భోజనాలతో రక్తం పట్టదు. ఆ రెస్టారెంటు చేసింది ఇంకోటి. ఆ మూడు మధ్యాహ్నాలూ మొగుడు పెళ్లాలిద్దరూ ఇంట్లో లేరు. సాంచాలు ఆగాయి. పనివాళ్లు కాసేపు చూసి, తామే లేచి కండెలు తెచ్చుకున్నారు. చాయ్ కూడా కాచుకున్నారు. ఏదీ కూలిపోలేదు. మూడో వారం వచ్చేసరికి ఒంటిగంటకు కండెల బుట్ట షెడ్డులోనే పెట్టడం మొదలైంది. నేను చెప్తే జరగలేదు అది. ఎనిమిదో తొమ్మిదో సార్లు అయ్యాక, రెస్టారెంటు తమంతట తామే మానేశారు. ఇంట్లో కూర్చుని తింటున్నానని భాగ్య ఫోన్ చేసింది. నేను నమ్మలేదు. బిడ్డను ఫోన్లోకి పిలిచి అడిగాను. నిజమే. నవంబరు చివర్లో 10.1 వచ్చింది. ఆపరేషన్ అయింది.

ఆ తర్వాత నా రీకాల్ కాగితంలో నాలుగో గడి గీసుకున్నాను. 'తింటూ ఎన్నిసార్లు లేచారు?' మగవాళ్లకు ఆ ప్రశ్న అర్థం కాదు, ఎందుకు లేస్తామని అడుగుతారు. ఆడవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత వేళ్లు మడుస్తారు. ఖరీదైన హోటల్ తిండి గొప్పదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. పాలకూరలో క్రీమ్ పాలకూరకు అవమానమే. కానీ సాదా భోజనం మేలని ఎవరైనా అంటే, ఎవరు వండి ఎవరు లేస్తున్నారో ముందు చెప్పమంటాను.

కుట్లు మానాక ఒక ఆదివారం భాగ్య పట్టుబట్టి నన్ను అదే రెస్టారెంటుకు తీసుకెళ్లింది. ఆంజనేయుల్ని ఇంట్లో వదిలేసి వచ్చింది. పాలక్ వచ్చింది. రెండు ముద్దలు తినగానే ఫోన్ మోగింది. మా ఆయన. మామిడికాయ తొక్కు ఏ డబ్బాలో పెట్టావని. లోపల గోల ఎక్కువని బయటికి వెళ్లి చెప్పి వచ్చాను. కూర్చున్నానో లేదో ఆసుపత్రి నుంచి ఇంకొకటి. మళ్లీ లేచాను. తిరిగి వచ్చేసరికి తెల్ల చొక్కా కుర్రాడు గరిటె పట్టుకుని నిలబడ్డాడు, నేను అలవాటుగా పళ్లెం మీద చేయి అడ్డం పెట్టాను.

భాగ్య నా చేయి పట్టుకుని పక్కకు తీసింది.

"ఎయ్యి తమ్మీ," అంది అతనితో. తర్వాత నా వైపు తిరిగి, "రెండుసార్లు లేచినవ్ మేడమ్. రాసుకో," అంది.