నేను పెంచిన వరద

నగరాల ప్లాన్లు పెద్ద ఆఫీసుల్లో, లెక్కల్లోంచి పుడతాయని చాలాకాలం అనుకునేవాణ్ణి. ఒకటి మాత్రం నా నోట్లోంచి పుట్టింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో నేను కటింగ్ మాస్టర్ని. మా వీధి పల్లంలోకి దిగుతూ పోయి, చివర ఒక మోరి దగ్గర ఆగుతుంది. వాననీళ్ళు ఆ మోరిలో దూరి, రోడ్డు కిందుగా దాటి, అవతలి రాజకాలువలో పడాలి. ఆ ఏడు దసరా ముందు ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. మోరి నీళ్ళు మింగలేదు. వీధి నిండి, మా ఇంట్లోకి మోకాలిలోతు నీళ్ళొచ్చాయి.

మోకాలిలోతు వరద గురించి చెబితే ఎవరు వింటారు? టీ అంగడి దగ్గర మొదటిరోజు తొడల దాకా పెంచాను. వారం తిరిగేసరికి రొమ్ము దాకా వచ్చింది. మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఫ్యాక్టరీ మానేసి, ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు వేసుకుని జాకెట్లు కుట్టేది. ఆ గదే ఆమె బతుకు. నీళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి ఆ గదిని ఢీకొని, మేకపోతులా ముందుకాళ్ళెత్తి నిలబడి, వెనక్కి తిరిగి మా ఇంట్లోకి దూకాయని చెప్పేవాణ్ణి. అక్క కూడా విని నవ్వేది.

"ఆ మేకపోతుకు కొమ్ములు ఉండ్లేదా అప్పా?"

"ఉన్నాయక్కా. మీ కిటికీకి తగులుకుంటే నేనే విడిపించినా."

దీపావళికి సున్నాలు మొదలయ్యాయి. మా వైపు వాళ్ళం సున్నం కొట్టాక గోడ అడుగున జాజుతో ఎర్రగా ఒక పట్టె తీస్తాం. బురద మరక సున్నానికి లొంగదు కాబట్టి, నీళ్ళొచ్చిన ఏడు పట్టెను మరక పైకంటా పెంచి కప్పేస్తాం. వీధిలో అందరూ అదే చేశారు. నేను నా పట్టెను రొమ్ము ఎత్తుకు తీసుకుపోయాను. కథకు సాక్ష్యం ఉండాలి కదా.

పండగయ్యాక నగరం ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడే, చిత్తూరు వైపు మనిషి.

"వానలు మారిపోతాండాయి. ఇంక ముందు నెల వానంతా ఒక గంటలో కొడతాది. యాడ నీళ్ళు నిలుస్తాయో ప్లాన్లో రాయాల. మ్యాపులు పాతవి. అందుకే మీరు చెప్పేది రాసుకుంటాండాము" అన్నాడు.

నోటుబుక్కు తెరిచి నా మాట వినే మనిషి నాకు అంతకుముందు దొరకలేదు. మొత్తం చెప్పాను, మేకపోతుతో సహా. అతను తలూపుతూ రాసుకున్నాడు. లేచి నా గోడమీది పట్టెను టేపుతో కొలిచి, అదీ రాసుకున్నాడు.

నెల తిరక్కుండా అక్క ముందుగది గోడమీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు పడింది. ఆ గది నీటి దారికి అడ్డమనీ, తీసెయ్యాలని ప్లాన్లో రాశామనీ, అభ్యంతరాలుంటే వార్డు ఆఫీసు మీటింగులో చెప్పుకోవచ్చనీ నోటీసు వచ్చింది. అక్క ఆ కాగితం పట్టుకుని మా గడపలో నిలబడింది. అరవలేదు.

"నీ కతంతా దీంట్లో ఉండాదప్పా. కొమ్ములొక్కటే ఇడిసిపెట్టినారు" అంది. తర్వాత, "మిషన్లు యాడ పెట్టుకోవాల నేను?" అంది.

మోరి ఎందుకు మింగలేదో నాకు మొదటినుంచీ తెలుసు. మా ఫ్యాక్టరీలాంటి వాటినుంచి వచ్చే గుడ్డముక్కలు మూటలు మూటలుగా అందులో పడేవి. కత్తిరించేది నేనే. తనమీదికొచ్చే కథ ఎవరు చెప్పుకుంటారు?

మీటింగులో లేచి నిలబడి చెప్పాను. నీళ్ళు మోకాలి దాకానే వచ్చాయి, మిగతాది నా కల్పన, అసలు అడ్డం మోరిలో ఉంది అని. హాలంతా నవ్వింది.

"ఇది కొత్త కతనా? పాతదే బాగుండె" అన్నాడు వెనకనుంచి టీ అంగడాయన.

ఇంజనీరు నవ్వలేదు. "పక్కింటామె కోసం మాట మారుస్తాండారు, మంచిదే. గానీ మీ గోడ నేనే కొలిచినా గదా."

జీవితంలో మొదటిసారి బహిరంగంగా నిజం చెబితే అడిగేవాడు లేడు. అప్పుడు అక్క లేచింది.

"ఈయన అబద్ధం చెప్తే రాసుకుంటిరి, నిజం చెప్తే నమ్మరు. ఈయన్ని ఇడిసిపెట్టండి సార్. వచ్చి ఆ జాజు గీకి చూడండి."

అందరం వీధికి వచ్చాం. ఇంజనీరు బండి తాళంచెవితో నా పట్టెను పైనుంచి గీకుతూ వచ్చాడు. రొమ్ము దగ్గర తెల్లటి సున్నం. నడుము దగ్గరా తెల్లటి సున్నమే. మోకాలి దగ్గర బురద గీత కనిపించింది. అతను నా వైపు చూశాడు, నేను కరెంటు తీగల వైపు చూశాను. అక్క గోడమీదా మరక మోకాలి దాకానే ఉంది. అక్కణ్ణుంచి కిందికి నడిస్తే, ఇల్లిల్లూ దాటేకొద్దీ పట్టెలు పెరుగుతూ పోయాయి. మోరి పక్కింట్లో నడుము దాకా ఉంది. అక్కడ గీకితే మరకా అంత ఎత్తునే ఉంది. అంటే నీళ్ళు ఆగింది అక్క గది దగ్గర కాదు, మోరి దగ్గర.

అతను మోరిలో కర్ర దూర్చి లాగాడు. గులాబీరంగు నైటీ గుడ్డ, పేగులా, మూరలకొద్దీ వచ్చింది.

"ఇది మా కటింగే సార్" అన్నాను.

"ఈ మాట నమ్ముతా" అన్నాడు.

గది మాట ప్లాన్లోంచి పోయింది. మోరి వెడల్పు చెయ్యాలి, గుడ్డముక్కలు ఫ్యాక్టరీల వాళ్ళే బండిలో చెత్తకుప్పకు పంపాలి అని దాని చోట చేరింది. మిగతా వీధుల్లో కూడా అతను ముందు మాట విని, తర్వాత గోడ గీకేవాడట. మాట వినడం మాత్రం మానలేదు. అది నాకు నచ్చింది.

మోరి పని ఎండాకాలంలో అయిపోయింది. మొదటి పెద్దవాన ఒక మధ్యాహ్నం పట్టుకుంది. నేను గొడుగు కూడా మరిచి అక్క ముందుగదిలోకి పరుగెత్తాను. ఇద్దరం గడప దగ్గర నిలబడి చూశాం. నీళ్ళు ఎర్రగా, దూకుడుగా వచ్చి, వీధి అంచున మెట్టు కూడా ఎక్కకుండా పల్లానికి పోయాయి. వెనకే ఇంకా వచ్చాయి. అవీ పోయాయి. మోరి లోపల నీళ్ళు పడే చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

అక్క ఒక పెద్ద ఊపిరి వదిలి, మిషను ముందు కూర్చుంది.

"పొయ్యే నీళ్ళను ఎంతసేపు చూస్తావప్పా? కూసో. ఆ జాకెట్లకు హుక్కులన్నా కుట్టు."

కూర్చుని సూది అందుకున్నాను.