ఎమ్మెల్యే గారి తెలుగు నోరు

మృణాల్ సామంతా ఖరగ్‌పూర్‌లో వరసగా ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ ఐదు ఎన్నికల్లోనూ తెలుగువాళ్ల మధ్య తానేం మాట్లాడారో ఆయనకే సరిగ్గా తెలియదు. ఆయన బెంగాలీలో మాట్లాడితే మాకు తెలుగులో చెప్పింది వరాహనరసింహం గారు.

నరసింహం గారు రాజకీయ నాయకుడేం కాదు. తండ్రి రైల్వేలో పనిచేసి పోయాక, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ అవతల చిన్న టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నారు. జనానికి దరఖాస్తులు రాసిపెట్టేవారు. సంతకం కావాలంటే తానే వెంటబెట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి తీసుకెళ్లేవారు. సామంతా బాబు పొద్దున్నే వరండాలో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ కాదనకుండా సంతకాలు పెట్టేవారు. ఆయన ఐదుసార్లు గెలిచింది ఆ సంతకాలతోనే అని నా అభిప్రాయం. అసెంబ్లీలో ఆయన గొంతు విన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

మా దగ్గర ఎమ్మెల్యేకి ఇంకో చిక్కుంది. మేముండే ట్రాఫిక్ అనే రైల్వే క్వార్టర్ల పేటలో కుళాయి పాడైనా, వీధి దీపం ఆరిపోయినా చూడాల్సింది రైల్వే. రాష్ట్రం చెయ్యి అక్కడిదాకా రాదు. మరి ఓట్లకొచ్చిన ఎమ్మెల్యే ఏం ఇస్తానని చెబుతాడు? సామంతా బాబు నిజాయితీపరులు, ఏమీ చెప్పేవారు కాదు. పేదల గురించీ ఐకమత్యం గురించీ అరగంట మాట్లాడేవారు. బజారు బెంగాలీ మా అందరికీ వచ్చు కానీ మైకు బెంగాలీ వేరు. ముందు వరుసలో ముసలమ్మలు ఆవులించేవారు. ఆవలింత చూస్తే నరసింహం గారికి తనకే తల తీసేసినట్టుండేది. అందుకని తాలింపు పెట్టడం మొదలుపెట్టారు.

మొదట్లో ఒక సామెత, ఒక చిన్న వేళాకోళం, అంతే. మూడో ఎన్నికలో నోరు జారింది. ఆ ఏడు మా తెలుగు బడిలో లెక్కల మేష్టారు రిటైరయ్యారు. ఆ పోస్టు ఖాళీగా ఉండిపోయింది. ట్రాఫిక్‌లో వీధి సభ పెట్టారు. సామంతా బాబు "పిల్లలకు చదువు చాలా ముఖ్యం" అన్నారు. అంతే అన్నారు. నరసింహం గారు మైకు అందుకుని, "మన బళ్లో లెక్కల పోస్టు ఏడాది తిరక్కుండా ఇప్పిస్తానని దాదా మాటిస్తన్నారు" అన్నారు.

చప్పట్లు ఆగలేదు. సామంతా బాబు పొంగిపోయి రెండు చేతులూ జోడించారు. ఆయన ఆ మాట అనలేదని నాకు అర్థమైంది. ఊరుకున్నాను. చాలామందిమి ఊరుకున్నాం, మంచి మాటే కదా అని. తర్వాతి రెండు ఎన్నికల్లోనూ వేదిక ఎక్కుతూ సామంతా బాబే గుర్తుచేసేవారు: "నరసింహదా, ఆ చదువు మాట ఉంది చూడు, అది బాగా పడుతుంది. మళ్లీ చెప్పు."

ఆ మొదటి చప్పట్లప్పుడు రెండో వరుసలో తబిత కూర్చుని ఉంది. రైల్వే జాకబ్ కూతురు. అప్పటికి ఇరవయ్యారేళ్లు, బీఎస్సీ, బీఎడ్. బడిలో తాత్కాలికంగా లెక్కలు చెబుతోంది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి చేరమని ఉత్తరం వచ్చి చేతిలో ఉంది. ఆ ఉద్యోగానికి దరఖాస్తు టైపు చేసిపెట్టింది నరసింహం గారే. సభ జరిగిన వారానికి ఆ పిల్ల ఫ్యాక్టరీ వద్దనుకుని బడిలోనే ఉండిపోయింది.

ఈ సంగతి జాకబ్ చెప్పిన రోజు నరసింహం గారు మా ఇంట్లో టీ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టి, "పోస్టు వస్తాది లెండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయనకు నిజంగానే నమ్మకం. పిల్లల తల్లిదండ్రుల పేరిట అర్జీలు టైపు చేసి కలకత్తాలో విద్యాశాఖకు పంపుతూనే ఉన్నారు. అబద్ధాన్ని నిజం చెయ్యడానికి పదిహేనేళ్లు పాటుపడ్డారు, నిజం చెప్పడం ఒక సాయంత్రం పని. అది మాత్రం ఆయన వల్ల కాలేదు.

మొన్న జనవరిలో సామంతా బాబు ఇక పోటీ చెయ్యనన్నారు. ఆదివారం చర్చి అయ్యాక న్యూ సెటిల్‌మెంట్ హాల్లో సన్మానం పెట్టాం. శాలువా, దండలు, రసగుల్లాలు. సామంతా బాబు ఎప్పటిలాగే మాట్లాడారు, నరసింహం గారు ఎప్పటిలాగే చెప్పారు. ఈసారి తాలింపు లేదు. అయిపోయిందనుకుంటుండగా తబిత లేచి నిలబడింది. జుట్టు సగం నెరిసింది.

"ఒక్క మాట అడగాల. బళ్లో లెక్కల పోస్టు ఇప్పిస్తామని ఈ మైకులో మూడు మార్లు సెప్పినారు. నాకు నలభై దాటిపోనాయి. ఇప్పుడా పోస్టు పడినా నాకు రాదు. ఎందుకు సెప్పినారో తెలుసుకుందామని."

సామంతా బాబు నవ్వుతూ నరసింహం గారి వైపు తిరిగి, "కీ బోల్ఛే?" అన్నారు, ఏమంటోందని.

ధన్యవాదాలు చెబుతోందంటే సరిపోయేది. సామంతా బాబు దండం పెట్టేవారు, రసగుల్లాలు పంచేవాళ్లం. నరసింహం గారు అలా అనలేదు. ఆయన తబిత అడిగింది అక్షరం పొల్లుపోకుండా బెంగాలీలో చెప్పారు. సామంతా బాబు నవ్వు ఆగిపోయింది. అలాంటి మాట తానెప్పుడూ అనలేదన్నారు. నరసింహం గారు దాన్నీ తెలుగులో చెప్పారు. ఆ తర్వాత మైకు ఇంకాస్త దగ్గరకు తీసుకున్నారు.

"నిజమేనమ్మా. ఆయన అన్లేదు. నేనే అన్నాను. మూడు మార్లూ నేనే."

తబిత ఆయన్ని తిట్టిపోస్తుందనుకున్నాను. తిట్టాలనే నాకుంది. తబిత గొంతు పెంచలేదు.

"తెలుసును అంకుల్. నాకు బెంగాలీ వచ్చును కదా. దాదా అన్లేదని ఆ రోజే విన్నాను."

"మరి ఎందుకుండిపోయినావమ్మా?"

"వోట్లకొచ్చినోళ్ల మాట ఎవులు నమ్ముతారు? మీరు రోజూ ఆయన వరండాలో ఉన్నోరు. లోపల మాట ఏదో తెలిసి సెప్తన్నారనుకున్నాను. ఆయన మాట మీద కాదు అంకుల్, మీ మాట మీద ఉండిపోనాను."

కూర్చుంది. సామంతా బాబు నరసింహం గారి భుజం తట్టి, ఆమె ఏమందని మళ్లీ అడిగారు.

"అది మీకు కాదు దాదా, నాకు" అని బెంగాలీలో చెప్పి, నరసింహం గారు మైకు బల్ల మీద పెట్టేశారు.