ఫ్రాకు ఎత్తే చేయి

ఆ పిల్ల గోడకు వీపు ఆనించేది కాదు. ముందుకు ఒంగి కూర్చునేది. మూడో తరగతి, తొమ్మిదేళ్లుంటాయేమో. డెబ్బైల చివర్లో తాండూరులో కొత్తగా చేరిన పంతులమ్మను నేను. "సక్కగ కూసోరాదా?" అని రెండుసార్లు గద్దించాను. మూడోసారి భుజం పట్టి వెనక్కి నెట్టాను. పిల్ల కెవ్వుమంది. ఫ్రాకు ఎత్తి చూస్తే వీపు నిండా బెల్టు వాతలు.

ఆ రోజు నేను చేసిన పనికి ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. పంతుళ్లకు తెలిసిన మందు ఒక్కటే కదా: "రేపు మీ నాయనను పిలుచుకరా." నాపరాళ్ల పాలిషింగ్‌లో పనిచేసే ఆ తండ్రి ఉతికిన చొక్కా వేసుకొచ్చి వినయంగా చేతులు జోడించాడు. పెద్దసారు అతనికి చాయ్ తెప్పించి మరీ, "పిల్లలన్నంక రెండు దెబ్బలు పడ్తయి గని, జర సూస్కొని కొట్టు" అన్నాడు. చూసుకుని కొట్టడమంటే ఎలాగో ఆయనకే తెలియాలి. ఇంటి గుట్టు బడిలో పెట్టిందని ఆ సాయంత్రమే పిల్లకు మళ్లీ పడ్డాయి. నాలుగు రోజుల తర్వాత బడికొచ్చింది, వాచిన చేత్తో.

ఇక తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని దవాఖానకు పోయాను. డాక్టరు ఏమైందని అడిగి, ఫ్రాకు ఎత్తి చూసి, వాచిన చేతికి కట్టు కట్టించి, ఠాణాకు పొమ్మన్నాడు. ఠాణాలో జమాదారు మళ్లీ అడిగి, మళ్లీ ఎత్తమని, ఇంటి తగవు కులపెద్దల దగ్గర తేల్చుకోండని పంపేశాడు. పెద్దల అరుగు మీద నలుగురు మగవాళ్ల ముందు మళ్లీ అదే. ఎల్లుండి పంచాయితీ పెడతామన్నారు. అందరూ చూశారు, అందరూ అయ్యో అన్నారు, ఒక్కడూ వేలు కదపలేదు.

మర్నాడు కట్టు మార్పించడానికి మళ్లీ దవాఖానకు తీసుకెళ్తే, నర్సమ్మ నోరు తెరవకముందే పిల్ల తనంతట తనే వెనక్కి తిరిగి ఫ్రాకు ఎత్తింది. నర్సమ్మ గబుక్కున దాన్ని కిందికి లాగింది. నా వైపు తిరిగి, "ఎన్ని తావుల చూపెట్టిన్రమ్మా ఈ పొల్లను? సిగ్గున్నదా మీకు? ఇగ ఎవ్వలకు చూపియ్యొద్దు. నేను చూసిన, నేను రాస్త. అడిగేటోళ్లు నన్ను అడగాలె" అంది. డాక్టరు చేత సంతకం పెట్టించి కాగితం నా చేతికిచ్చింది.

ఆ తల్లి పక్కింట్లో అందరూ ఖాలా అని పిలిచే ముస్లిం అవ్వ ఉండేది. తల్లీకూతుళ్లను తన ఇంట్లోకి తీసుకుంది. పంచాయితీ కూడా తన వాకిట్లోనే జరగాలని పట్టుబట్టింది. ఎందుకో నాకు పంచాయితీ రోజు గానీ అర్థం కాలేదు. పెద్దలు మంచాల మీద కూర్చున్నారు. తల్లీకూతుళ్లు గడపకు కట్టిన గోనె పర్దా వెనక ఉన్నారు. నేను కాగితం చదివాను.

"నా బిడ్డ, నేను కొట్టుకుంట. మీకేంది?" అన్నాడు తండ్రి.

"దెబ్బలు చూడకుంట మేమెట్ల నమ్మాలె? పిల్లను బయటికి పిలువుండ్రి" అన్నాడు పెద్దమనిషి, మొన్న కళ్లారా చూసినవాడే.

ఖాలా పర్దాకు అడ్డంగా నిలబడింది. "పర్దా ఎనుక ఉన్న ఆడపిల్లను బయటికి తెమ్మంటరా? ఏ మొగోడు ఈ గడప దాటుతడో నేను జూస్త."

ఆ గోనెపట్టా అంటే నాకు ఎప్పుడూ చిరాకే. ఖాలా కోడళ్లు దాని వెనకే బతుకులు గడిపేశారని గొణిగేదాన్ని. ఆ రోజు మాత్రం ఊళ్లో ఏ పెద్దమనిషికీ దాన్ని పక్కకు జరిపే ధైర్యం లేకపోయింది. నాతోపాటు వచ్చిన నర్సమ్మ, ఆ కాగితం నకలు వికారాబాద్‌లో పెద్ద ఆఫీసరుకు చేరుతుందని చెప్పింది. పెద్దలు కాసేపు నసిగి, తల్లీకూతుళ్లను పోనిమ్మని తండ్రితో చెప్పారు.

నర్సమ్మకు తెలిసిన ఆమె వికారాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్ చూసేది. తల్లికి అక్కడే వంటపని ఇస్తానంది. రైల్లో ముగ్గురం పోయాం. నేను కాగితం బల్ల మీద పెట్టాను. వార్డెనమ్మ చదివి, మడిచి, సొరుగులో పెట్టేసింది. ఒక్క ప్రశ్న వేయలేదు. పిల్ల వైపు చూసి, "ఇటు రా బిడ్డా, ఆకలైతుందా?" అంది.

పిల్ల ఆమె దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగి, ఫ్రాకు ఎత్తింది.

వాతలు పెట్టింది తండ్రి. ఈ అలవాటు నేర్పింది మేము.