పరుషాలు మిగిలిన గొంతు

అంజినప్ప "దా" అన్నాడు. కదిరమ్మకు "తా" అని వినపడింది. ఆ ఒక్క అక్షరం తేడాకు ఒక గొర్రెపిల్ల చచ్చిపోయింది.

దొడ్డిలో చూలు గొర్రె పడుకుని కాళ్లు కొట్టుకుంటోంది. పిల్ల తల ఒక్కటే బయటికొచ్చి, ముందుకాళ్లు లోపల మడుచుకుని ఇరుక్కుపోయింది. ఒకరు తల్లిని అదిమి పట్టుకుంటే ఇంకొకరు పిల్లను సర్ది లాగాలి. అంజినప్ప చేతులు రెండూ గొర్రె దగ్గరే ఉన్నాయి. లేచిపోవడానికి లేదు, చెయ్యి ఊపడానికి లేదు. గోడకవతల, మూరెడు దూరంలోనే, పొయ్యి ముందు భార్య కదిరమ్మ ఉంది. నోరంతా తెరిచి పిలిచాడు.

"ఏం తేవల్ల?" అంది ఆమె లోపలి నుంచే.

మళ్లీ పిలిచాడు.

"అదే సామీ, ఏం తేవల్లో చెప్పు! వేడినీళ్లా?"

ఈనే గొర్రెకు వేడినీళ్లే కావాలనుకుని ఆమె కట్టెలు ఎగదోసింది. నీళ్లు కాగాక చెంబుతో వచ్చింది. అప్పటికి పిల్ల నాలుక నీలంగా వేలాడుతోంది.

"దా అనింటే ఉరుక్కుంటా రాకపోతినా? తా అంటివి గదా!" అని ఆమె తల కొట్టుకుంది. అంజినప్ప తాను "దా" అనే అన్నానని చెప్పబోయాడు. నోటి నుంచి మళ్లీ "తా" అనే వచ్చింది.

తనకల్లు దాటినాక వచ్చే గుట్టల్లో అంజినప్పది ముప్పై ఏళ్లుగా గొర్రెల బతుకే. వాన ముఖం చాటేసిన ఏడు వేరుశనగ పోతుంది, గొర్రె మాత్రం ఎండిన గడ్డి గీరుకుని బతుకుతుంది. ఆ నమ్మకంతోనే ఉన్న నేల బీడు పెట్టి మంద పెంచాడు. ఈ సీమలో ఎంత గొంతు చించుకుని అరిచినా వినే నాథుడు లేడన్నది వేరే సంగతి. అంజినప్ప గొంతు మాత్రం గుట్ట ఇవతల ఎత్తితే అవతలి పల్లెలో కుక్కలు మొరిగేవి. ఇంటికి ఇంకా చాలా దూరం ఉండగానే పెళ్లాన్ని, ఒసేయ్ అన్నట్టు, "మే!" అని కేకేసేవాడు. ఆ కేకకే కదిరమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది.

ఆ గొంతును బీడీ తినేసింది. పుండు పడిందన్నారు. పెద్దాసుపత్రిలో కోసి, గొంతులో మాట పుట్టే డబ్బానే తీసేశారు. ఊపిరి తీసుకోవడానికి మెడ కింద ఒక రంధ్రం మిగిల్చారు. దుమ్ము పోకుండా దాని మీద తడిగుడ్డ కట్టుకుంటాడు. ఇప్పుడు అతని ఊపిరి ఆ రంధ్రంలో నుంచే వచ్చి, ఆ రంధ్రంలో నుంచే పోతుంది. నోటికీ ఊపిరితిత్తులకూ మధ్య దారి తెగిపోయింది.

అయినా నోరు నోరులాగే ఉంది. పెదవులున్నాయి, పళ్లున్నాయి, నాలుక ఏ అక్షరానికి ఎక్కడికి పోవాలో మరవలేదు. బుగ్గల్లో ఉన్న పిడికెడు గాలితోనే క, ట, త, ప అనేవాటి చప్పుడు కొంచెం కొంచెంగా వస్తుంది. గ, డ, ద, బ మాత్రం రావు. బండి అంటే పండి అవుతుంది, గుడి అంటే కుటి అవుతుంది, దా అంటే తా అవుతుంది.

బడిలో పంతులు పద్యం అప్పజెప్పించినట్టు అప్పజెప్పించి వదిలేసే మాట ఒకటుంది: కచటతపలు పరుషాలు, గజడదబలు సరళాలు. ఎందుకు పరుషాలో, ఎందుకు సరళాలో ఎవరూ చెప్పరు. గొంతు మీద వేళ్లు ఆనించి, అచ్చు కలపకుండా పొడిగా ఒకసారి త్ అని, ఒకసారి ద్ అని చూస్తే తెలుస్తుంది. నాలుక తాకే చోటు ఒకటే, పళ్ల వెనక. తేడా అంతా కింద ఉంది. ద్ అనేటప్పుడు వేళ్ల కింద తుమ్మెద చిక్కినట్టు జుమ్మంటుంది. గొంతులో వేలిగోరంత మడతలు రెండున్నాయి. ఊపిరి వాటి మధ్య దూరి పైకి వస్తుంటే, రెప్పపాటులో పదుల సార్లు కొట్టుకుంటాయి. కేకైనా, జోలపాటైనా, శాపనార్థమైనా ఆ గోరంత మడతల్లోనే మొదలవుతుంది. ఏ గొంతూ కోసి చూడకుండా, ఏ యంత్రమూ లేకుండా, మన పాతవాళ్లు ఆ జుమ్మనడాన్ని కనిపెట్టి అక్షరాలను రెండు వరుసలుగా విడదీశారు. అచ్చులకు ప్రాణాలని పేరు పెట్టారు. అంజినప్పకు ప్రాణాలు పోయాయి, సరళాలు పోయాయి. పరుషాలు మాత్రం మిగిలాయి.

విచిత్రం ఏమిటంటే గొర్రెలకు ఏ తేడా తెలియలేదు. నాలుకను అంగిటికి అతికించి టక్కున లాగితే వచ్చే చప్పుడుకు ఊపిరితో పనే లేదు. అతను టక్కుమంటే మంద మళ్లుతుంది, మళ్లీ టక్కుమంటే ఆగుతుంది. కదిరమ్మను పిలవాలంటేనే దిక్కులేదు. ఆమె ఎదురుగా ఉంటే పెదవులు చూసి కొంత పోల్చుకుంటుంది. వీపు తిప్పి నాలుగడుగులు పోయిందంటే ఇక అతను లేనట్టే. చప్పట్లు కొట్టేవాడు. ఆమెకు ఒళ్లు మండేది.

"చప్పట్లు కొడ్తే వచ్చేదానికి నేనేమన్నా కుక్కనా? నీ గొర్రెలే నయం, వాటినన్నా నాలికతో పిలుస్తాండావు!"

పిల్ల చచ్చిన మర్నాడు అంజినప్ప మందను పక్కింటి తిమ్మన్నకు అప్పజెప్పి అనంతపురం బస్సెక్కాడు. ఆసుపత్రిలో అశ్విని అనే అమ్మాయి ఉంది. గొంతు పోయినవాళ్లకు మాట నేర్పడం ఆమె ఉద్యోగం. ఇంతకుముందు ఒకసారి ఆమె దగ్గరికి పోయి, ఆమె చెప్పింది విని సిగ్గుతో పారిపోయి వచ్చాడు. ఆమె నేర్పేది తేన్చడం మరి.

"వచ్చినావా అన్నా! తేనుపులు నేర్చుకునేది పరువు తక్కువని పోతివి గదా!" అని నవ్వింది అశ్విని. గొంతు లేనివాళ్ల పెదవులను చదవడం ఆమెకు అలవాటే. "చూడన్నా, పాత గొంతు ఇంగ రాదు. కానీ దాని ఎనకాలే అన్నం పోయే గొట్టం ఉండాది. గాలిని అందులోకి తోసి మళ్లా పైకి తెస్తే, ఆ గొట్టం మొదుట్లో కండ అదురుతాది. ఆ అదురుడే తేనుపు. దాన్ని నోట్లోకి తెచ్చుకున్న్యావంటే నాలిక దాన్ని మాట చేస్తాది. నాలికకు నేర్పే పని ల్యా, దానికి అన్నీ వచ్చు."

గాలిని లోపలికి తోసేదెట్లా అని అతను చేత్తో అడిగాడు.

"నీకు మిగిలిండే అక్షరాలే తోస్తాయి. క అని గట్టిగా నొక్కి చూడు. నాలిక ఎనక్కి పోయి గాలిని కిందికి నెడతాది. ప అన్నా, త అన్నా అంతే. మాట వాటితో మొదులుకావల్ల. ముందు ఎవుర్ని పిలవల్లనుకుంటాండావు?"

అంజినప్ప పెదవులు కలిపి విడదీశాడు. మే.

"మే అంటే కుదరదన్నా. మ అనేది ముక్కులో నుంచి పోయే అక్షరం, దాంట్లో తోపుడు ఉండదు. అక్క పేరేంది?"

అతను తల దించుకున్నాడు. పెండ్లయినప్పటి నుంచీ ఆ పేరు అతని నోట రాలేదు. అతని పేరు ఆమె నోటా రాలేదు. ఆ తరంలో అదే మర్యాద. రేషన్ కార్డు రాసేవాడు అడిగినప్పుడు కూడా పక్కనున్న తిమ్మన్న చేతనే చెప్పించాడు. అశ్విని వదల్లేదు. చివరికి అతను గోడవైపు చూస్తూ పెదవులు కదిపాడు. అరిచినా వినపడని గొంతుకు కూడా సిగ్గుంటుంది.

"కదిరమ్మనా? క తోనే ఉండాదే! ఇంత మంచి పేరు పెట్టుకొని మే ఏందన్నా!"

తర్వాత గుట్ట మీద గొర్రెల మధ్య కూర్చుని అతను రోజంతా క, క, క అని నొక్కేవాడు. గాలి దిగేది కాదు. దిగితే పైకి వచ్చేది కాదు. పొట్ట ఉబ్బిపోయేది. ఒకసారి ఇంట్లోనే పెద్ద తేనుపు తన్నుకొచ్చింది.

"ఇంట్లో వండింది సంగటి, ఊరిబిండి పచ్చడి. ఇంత తేనుపు యాడ్నుంచి వచ్చ? నాకు చెప్పకుండా యాడన్నా పెండ్లిలో తిని వచ్చినావా?" అంది కదిరమ్మ.

వాన లేకుండా మబ్బులు వచ్చిపోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం, బండ మీద కూర్చుని ఉండగా, గాలి దిగి వెంటనే తిరిగి వచ్చింది. నోరు తెరిచే ఉంది. "కా" అని వినపడింది. కప్ప అరిచినట్టు, బావి అడుగున ఎవరో పలికినట్టు ఉంది. అంజినప్ప ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఆ చప్పుడు తనదే. రాగిముద్ద మింగడానికి పుట్టిన గొట్టం అది. దానికి మాటలతో ఏనాడూ సంబంధం లేదు. ఒళ్లు ఎంత మొండిదో! ఒక దారి మూస్తే ఇంకొక దారి తవ్వుకుని, అన్నం దారినే అక్షరాల దారి చేసుకుంది.  మళ్లీ అన్నాడు. మళ్లీ వచ్చింది. ప్రాణం తిరిగొచ్చి పరుషాన్ని పట్టుకుంది.

ఆ పేరు మొత్తం ఒక్క గాలిలో పట్టేదాకా అతను ఇంట్లో నోరు విప్పలేదు.

ఆ రోజు కదిరమ్మ ఇంటి ముందర కూర్చుని కూలికి విత్తనం వేరుశనగ కాయలు ఒలుస్తోంది. వీపు ఇటుంది. అంజినప్ప మందను దొడ్డిలోకి తోలి, తడిక వేసి, అక్కడే నిలబడ్డాడు. చప్పట్లు కొట్టలేదు. నాలుకను వెనక్కి నొక్కాడు.

"కదిరమ్మా."

"ఆఁ, నాయనా" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఆమె చేతిలో కాయ పగలకుండా ఆగిపోయింది. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు పుట్టింటివాళ్లే. ఇంత లోతు గొంతుతో పిలిచినవాడు నాయన ఒక్కడే. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మెల్లగా వెనక్కి తిరిగింది. దొడ్డి దగ్గర మొగుడు తప్ప ఎవరూ లేరు.

"ఎవురు పిలిచింది?"

అతను తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు.

"నువ్వా?" ఆమె కళ్లు ఇంతయ్యాయి. "గొంతు ల్యా గదా నీకు! యాడ్నుంచి వచ్చ?" వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పేరు పెట్టి పిలిచినావా నన్ను? సిగ్గు ల్యాకపోతే సరి, ఈ వయసులో!"

నవ్వుతోందో ఏడుస్తోందో కొంగు చాటున తెలియలేదు. అంజినప్ప దగ్గరికి రాబోయాడు. ఆమె చెయ్యి చాపి ఆపింది.

"ఆడ్నే ఉండు. ఎదురుంగా వస్తే నీ నోరు చూసి తెలుసుకుంటా. అట్లొద్దు."

ఒడిలో కాయలన్నీ చాటలో పోసేసింది, చప్పుడు కాకుండా. కొంగు సర్దుకుని, అతని వైపు వీపు తిప్పి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"ఊఁ. ఇంగోసారి పిలువు."